హైబ్రిడ్ ఎస్‌యూవీల్లో ఏది తక్కువ కార్బన్ వదులుతుంది? కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

ఎలాగూ ఎస్‌యూవీయే కావాలి, కనీసం హైబ్రిడ్ తీసుకుంటే పర్యావరణానికి కాస్త మేలు చేసినట్టు అవుతుంది కదా అని చాలామంది అనుకుంటారు. ఉద్దేశం మంచిదే. కానీ బండి వెనక హైబ్రిడ్ అని రాసి ఉన్నంత మాత్రాన అది ఎంత కార్బన్ డయాక్సైడ్ వదులుతుందో చెప్పలేం. అదే పేరు మీద కిలోమీటరుకు 140 గ్రాముల లోపు వదిలే బండ్లూ ఉన్నాయి, 270 గ్రాములు దాటేవీ ఉన్నాయి. రెండు రకాల్లోనూ బ్యాటరీ ఉంటుంది, మోటారు ఉంటుంది. తేడా ఎక్కడ వస్తోందో తెలిస్తే ఎంపిక సగం తేలికవుతుంది.

ఏ బ్రోచర్ చేతికొచ్చినా, ఎవరు ఏ మైలేజీ చెప్పినా, ఎవరి సాయం లేకుండా మనమే వేసుకోగలిగే లెక్క ఒకటుంది. ముందు అది చూద్దాం.

లీటరు నుంచి గ్రాములకు

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు పెట్రోలు బరువే ముప్పావు కిలో, అందులోంచి రెండు కిలోలకు పైగా ఎలా వస్తుందని అనుమానం రావడం సహజం. పెట్రోలులో ఎక్కువ భాగం కార్బనే. కాలేటప్పుడు ప్రతి కార్బన్ పరమాణువూ గాల్లోంచి రెండు ఆక్సిజన్ పరమాణువులను తనతో కలుపుకుంటుంది. 12 వంతుల కార్బన్ 44 వంతుల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. పెరిగిన బరువంతా గాల్లోంచి వచ్చిన ఆక్సిజన్‌దే. డీజిల్ ఇంకాస్త చిక్కన కాబట్టి లీటరుకు 2.7 కిలోల దాకా వస్తుంది.

కాబట్టి పెట్రోలు బండికి 2,310 గ్రాములను మైలేజీతో భాగిస్తే కిలోమీటరుకు ఎన్ని గ్రాములో వచ్చేస్తుంది. లీటరుకు 10 ఇచ్చే బండి 231 గ్రాములు, 15 ఇచ్చేది 154, 20 ఇచ్చేది 115 గ్రాములు వదులుతుంది. ఎగ్జాస్ట్ దగ్గర కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఆపే ఫిల్టరు ఏదీ మామూలు కార్లలో ఉండదు. క్యాటలిటిక్ కన్వర్టర్ వేరే విష వాయువులను తగ్గిస్తుంది కానీ దీన్ని ఆపదు. అందుకే ఎంత ఇంధనం తాగితే అంత కార్బన్. ఈ విషయంలో మాయలూ మంత్రాలూ లేవు.

ఈ లెక్క వేస్తే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. లీటరుకు 8 ఇచ్చే బండి తీసేసి 10 ఇచ్చేది కొంటే పెద్ద తేడా లేదనిపిస్తుంది. 17 ఇచ్చేది తీసేసి 22 ఇచ్చేది కొంటే చాలా సాధించామనిపిస్తుంది. నిజానికి మొదటి మార్పుతో కిలోమీటరుకు 58 గ్రాములు తగ్గుతాయి, రెండోదానితో 31 గ్రాములే. ఇంట్లో రెండు కార్లుంటే, తిరగడం ఇంచుమించు సమానమైతే, ముందు మార్చాల్సింది ఎక్కువ తాగేదాన్ని. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది. పెద్ద బండిని అలాగే ఉంచుకుని, బాగానే మైలేజీ ఇస్తున్న చిన్న కారును ఇచ్చేసి హైబ్రిడ్ తెస్తారు.

హైబ్రిడ్ పేరుతో అమ్మేవి ఏమిటి?

మైల్డ్ హైబ్రిడ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇందులో చిన్న మోటారు, ఎక్కువగా 48 వోల్టులది, ఇంజిన్‌కు చేయందిస్తుంది. సిగ్నల్ దగ్గర ఆగిన ఇంజిన్‌ను మెత్తగా మళ్లీ స్టార్ట్ చేస్తుంది, బ్రేకు వేసినప్పుడు కాస్త కరెంటు దాచుకుంటుంది. చాలావాటిలో మోటారు ఒక్కటే బండిని లాగలేదు. ఆదా కొద్ది శాతమే ఉంటుంది. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, చాలా మైల్డ్ హైబ్రిడ్‌లలో హైబ్రిడ్ అంతే. ఉంటే మంచిదే, కానీ ఆ పేరు చూసి ఎక్కువ డబ్బు పెట్టొద్దు. మామూలు పెట్రోలు కారు అనుకునే పోల్చుకోండి.

ఫుల్ హైబ్రిడ్ సంగతి వేరు. దీన్నే స్ట్రాంగ్ హైబ్రిడ్ అని కూడా అంటారు. ఇందులో బ్యాటరీ చిన్నదే, ఒకటి రెండు యూనిట్ల కరెంటు పడుతుందేమో. కానీ మోటారుకు బండిని ఒంటరిగా కదిలించే శక్తి ఉంటుంది. ఛార్జింగ్ కేబుల్ ఉండదు. వచ్చే కరెంటంతా బ్రేకుల నుంచీ, ఇంజిన్ మిగులు శక్తి నుంచీ వచ్చేదే. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో బ్యాటరీ పెద్దది, సాధారణంగా పది నుంచి ఇరవై యూనిట్ల పైచిలుకు. గోడకున్న సాకెట్ నుంచి ఛార్జ్ చేసుకుని కొంతదూరం పెట్రోలు ముట్టకుండా పోవచ్చు. ఇవి కాక, చక్రాలను ఎప్పుడూ మోటారే తిప్పుతూ, ఇంజిన్ కేవలం జనరేటర్‌గా పనిచేసే పద్ధతి కూడా ఉంది. నిస్సాన్ ఈ-పవర్ అలాంటిదే. దానికి ప్లగ్ ఉండదు కాబట్టి కార్బన్ లెక్కలో దాన్ని ఫుల్ హైబ్రిడ్ పక్కనే పెట్టొచ్చు.

అసలు పోటీ ఫుల్ హైబ్రిడ్‌కీ ప్లగ్-ఇన్‌కీ మధ్యే.

ఫుల్ హైబ్రిడ్ ఊళ్లో గెలుస్తుంది, హైవే మీద నెమ్మదిస్తుంది

టొయోటా రావ్4 తీసుకుందాం. ఒకే బాడీలో మామూలు పెట్రోలు, ఫుల్ హైబ్రిడ్, ప్లగ్-ఇన్ మూడూ వచ్చాయి కాబట్టి పోల్చడానికి ఇంతకంటే అనువైనది దొరకదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ 2023 మోడల్‌కు ఇచ్చిన అంకెలను మన లీటరు లెక్కలోకి మారిస్తే, ముందు చక్రాలతో నడిచే పెట్రోలు రకం ఊళ్లో లీటరుకు 11.5, హైవే మీద 14.9 కిలోమీటర్లు ఇస్తుంది. హైబ్రిడ్ ఊళ్లో 17.4, హైవే మీద 16.2 ఇస్తుంది.

గ్రాముల్లో చూడండి. ఊళ్లో పెట్రోలు రావ్4 సుమారు 201 గ్రాములు వదిలితే హైబ్రిడ్ 133 వదులుతుంది. 68 గ్రాముల తేడా. హైవే మీద 155కి 143. పన్నెండు గ్రాములే. ఒకే కారు, ఒకే టెక్నాలజీ, కానీ తిరిగే రోడ్డును బట్టి లాభం అయిదారు రెట్లు మారిపోతోంది.

ఎందుకంటే ఊళ్లో ఆగడం, కదలడం, మళ్లీ ఆగడం. బ్రేకు వేసిన ప్రతిసారీ మామూలు కారు తన వేగాన్నంతా వేడిగా మార్చి పారేస్తుంది. హైబ్రిడ్ అందులో చాలా భాగాన్ని బ్యాటరీలో దాచి, మళ్లీ కదిలేటప్పుడు వాడుకుంటుంది. నెమ్మదిగా పోయేటప్పుడు పెట్రోలు ఇంజిన్ సామర్థ్యం మరీ తక్కువ. సరిగ్గా ఆ సమయంలోనే హైబ్రిడ్ దాన్ని ఆపేసి మోటారుతో నడుస్తుంది. గంటకు 110 వేగంతో హైవే మీద ఏకధాటిగా పోతుంటే బ్రేకు వేసేదెక్కడ? అక్కడ దాచుకోవడానికి ఏమీ ఉండదు. గాలిని చీల్చుకుంటూ పోవడానికే ఇంధనం ఖర్చవుతుంది. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 100 నుంచి 120కి పోతే నిరోధం 44 శాతం ఎక్కువ. ఎత్తుగా, వెడల్పుగా ఉండే ఎస్‌యూవీకి ఈ దెబ్బ సెడాన్ కంటే గట్టిగా తగులుతుంది. బ్యాటరీ ఎంత మంచిదైనా గాలితో బేరం కుదరదు.

కాబట్టి మీ తిరుగుడు ఎక్కువగా ట్రాఫిక్‌లో అయితే ఫుల్ హైబ్రిడ్ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఎక్కువ హైవే మీదే అయితే హైబ్రిడ్ పేరు కంటే బండి ఎత్తు, బరువు, టైరు సైజు ముఖ్యం.

ప్లగ్-ఇన్: అందరూ మోసపోయే అంకె ఇక్కడే ఉంది

ప్లగ్-ఇన్ ఎస్‌యూవీల బ్రోచర్లలో కిలోమీటరుకు 20, 30, 40 గ్రాములు అని కనిపిస్తుంది. రావ్4 ప్లగ్-ఇన్‌కే యూరప్ పరీక్షలో 22 గ్రాములు వచ్చింది. రెండు టన్నుల బండి 22 గ్రాములేనా అని ఆశ్చర్యపడి, వెంటనే కొనేయాలనిపిస్తుంది. కాస్త ఆగాలి.

యూరప్‌లో 2017 నుంచి అమల్లోకొచ్చిన డబ్ల్యూఎల్‌టీపీ పరీక్షలో ప్లగ్-ఇన్ కారును రెండు విధాలుగా నడుపుతారు. ఒకసారి నిండా ఛార్జ్ చేసి, ఒకసారి ఛార్జ్ అయిపోయాక. ఆ రెండు ఫలితాలనూ ఒక నిష్పత్తిలో కలిపి ఒక్క అంకె తీస్తారు. ఆ నిష్పత్తి ఎక్కణ్నుంచి వస్తుంది? బ్యాటరీ మీద ఇంత దూరం పోగల కారును జనం ఇంత శాతం కరెంటు మీద నడుపుతారు అనే ఒక అంచనా నుంచి. అంటే బ్రోచర్‌లో ఉన్నది పూర్తిగా కారు కొలత కాదు. సగం కారుది, సగం డ్రైవరు అలవాట్ల మీద పెట్టుకున్న నమ్మకానిది.

ఆ నమ్మకం ఎంత నిజమో చూడటానికి 2021 నుంచి యూరప్‌లో కొత్త కార్లన్నిటిలోనూ ఇంధన ఖర్చును రికార్డు చేసే ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఆ ఏడాది రిజిస్టరైన కార్ల నుంచి వచ్చిన లెక్కలతో యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో నివేదిక ఇచ్చింది. మామూలు పెట్రోలు, డీజిల్ కార్లు పరీక్షలో కంటే రోడ్డు మీద దాదాపు ఐదో వంతు ఎక్కువ వదులుతున్నాయని తేలింది. అది ఊహించగలిగిందే. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లు మాత్రం సగటున మూడున్నర రెట్లు ఎక్కువ వదులుతున్నాయి. కాగితం మీద 40 గ్రాములకు అటూ ఇటూగా ఉన్నవి రోడ్డు మీద 140 దగ్గర తేలాయి. ఇంకోసారి చదవండి, 140. ఛార్జింగ్ కేబులే లేని ఫుల్ హైబ్రిడ్ రావ్4 ఈపీఏ సగటు కూడా ఇంచుమించు అంతే.

కార్లలో లోపమేమీ లేదు. ఛార్జ్ చేయడం లేదు, అంతే. 2022లో రవాణా కాలుష్యం మీద పనిచేసే ఐసీసీటీ, జర్మనీ పరిశోధన సంస్థ ఫ్రాన్‌హోఫర్ కలిసి యూరప్‌లో చేసిన అధ్యయనంలో, సొంతానికి కొనుక్కున్నవాళ్లు సుమారు 45 నుంచి 49 శాతం దూరమే కరెంటు మీద నడిపారని తేలింది. కంపెనీ ఇచ్చిన కార్లలో అది 11 నుంచి 15 శాతమే. కారణం ఊహించడం కష్టం కాదు. పెట్రోలు బిల్లు కంపెనీ కడుతున్నప్పుడు, ఇంటికెళ్లి తన సొంత మీటరు మీద ఛార్జ్ పెట్టుకోవాలని ఎంతమందికి అనిపిస్తుంది?

ఛార్జ్ పెట్టినా ఇంజిన్ అసలు కదలదని కాదు. కొన్ని బండ్లలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజిన్ అందుకుంటుంది. కొన్నింట్లో బాగా చలిగా ఉన్నప్పుడు హీటర్ కోసమే ఇంజిన్ నడుస్తుంది. మోటారు బలం చాలని పెద్ద బండ్లలో ఇది మరీ ఎక్కువ.

యూరప్ ఈ నిష్పత్తిని 2025 నుంచి కఠినం చేసింది, 2027 నుంచి ఇంకా బిగిస్తోంది. అందుకే ఒకే కారుకు పాత బ్రోచర్‌లో ఒక అంకె, కొత్త దాంట్లో అంతకు బాగా పెద్ద అంకె కనబడొచ్చు. కారు చెడిపోలేదు, లెక్క నిజానికి దగ్గరవుతోంది. రెండు ప్లగ్-ఇన్‌లను పోల్చేటప్పుడు రెండు అంకెలూ ఒకే పద్ధతిలో తీసినవేనా అని తప్పకుండా అడగండి.

మరి ప్లగ్-ఇన్‌లో చూడాల్సింది ఏమిటి? రెండే. కరెంటు మీద ఎంత దూరం పోతుంది, బ్యాటరీ అయిపోయాక మైలేజీ ఎంత. ఈ రెండోదాన్ని సేల్స్‌మన్ అడిగితే తప్ప చెప్పడు, బ్రోచర్‌లో వెతికితే తప్ప కనబడదు. 2023 రావ్4 ప్లగ్-ఇన్‌కు ఈపీఏ లెక్కలో కరెంటు దూరం సుమారు 67 కిలోమీటర్లు, ఛార్జ్ అయిపోయాక లీటరుకు 16 పైన. అంటే 143 గ్రాములు. బ్యాటరీ ఖాళీ అయినా మంచి హైబ్రిడ్‌గానే మిగులుతుంది. జీప్ రాంగ్లర్ 4ఎక్స్‌ఈ కూడా ప్లగ్-ఇన్నే. దాని కరెంటు దూరం సుమారు 35 కిలోమీటర్లు, ఆ తర్వాత లీటరుకు ఎనిమిదిన్నర. అంటే 272 గ్రాములు. ఒకే పేరు కింద అమ్ముడైన ఈ రెండిటికీ ఎక్కడా పొంతన లేదు.

కరెంటు ఎక్కణ్నుంచి వస్తోంది?

బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు ఎగ్జాస్ట్ నుంచి ఏమీ రాదు, నిజమే. కానీ ఆ కరెంటు తయారైన చోట వస్తుంది. రావ్4 ప్లగ్-ఇన్ వంద కిలోమీటర్లకు సాకెట్ నుంచి సుమారు 22 యూనిట్లు తీసుకుంటుంది, ఛార్జింగ్‌లో పోయే నష్టం కూడా కలుపుకుని. అణువిద్యుత్తు ఎక్కువగా ఉన్న ఫ్రాన్స్ లాంటి చోట యూనిట్‌కు 50 గ్రాములకు అటూ ఇటూగానే కార్బన్ ఉంటుంది. అంటే కిలోమీటరుకు 11 గ్రాములు. 2023లో ప్రపంచ సగటు యూనిట్‌కు 480 గ్రాములు, ఆ లెక్కన కిలోమీటరుకు 106. బొగ్గు మీదే ఎక్కువగా ఆధారపడ్డ చోట యూనిట్‌కు 700 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, అంటే 154.

154 గ్రాములంటే ఫుల్ హైబ్రిడ్ రావ్4 ఈపీఏ సగటు 136 కంటే ఎక్కువే కదా అనొచ్చు. అలా పోలిస్తే పెట్రోలుకు లేని గొప్ప కట్టబెట్టినట్టు అవుతుంది. కరెంటుకు తయారీ దగ్గరి నుంచి లెక్కేస్తున్నప్పుడు పెట్రోలుకూ అలాగే వేయాలి. బావిలోంచి తోడటం, శుద్ధి చేయడం, బంకు దాకా తేవడం ఇవన్నీ కలిపితే ఎగ్జాస్ట్ అంకెకు దాదాపు ఐదో వంతు కలుస్తుంది. అప్పుడు ఫుల్ హైబ్రిడ్ 163 అవుతుంది.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టొచ్చు. నూటికి 80 కిలోమీటర్లు కరెంటు మీద నడిపే మనిషికి, ప్రపంచ సగటు కరెంటుతో, ప్లగ్-ఇన్ కిలోమీటరుకు సుమారు 119 గ్రాములు. ఫుల్ హైబ్రిడ్ మీద 44 గ్రాములు తక్కువ. కరెంటు బాగా శుభ్రంగా ఉన్న చోట అదే మనిషికి 43 గ్రాములే, ఏకంగా 120 తక్కువ. బొగ్గు కరెంటు చోట 157, లాభం ఆరు గ్రాములే. ఇక నూటికి 15 కిలోమీటర్లు మాత్రమే కరెంటు మీద నడిపేవాళ్లకు ప్రపంచ సగటు కరెంటుతో 162 వస్తుంది. అంటే పెద్ద బ్యాటరీ, అదనపు ధర, దాదాపు పావు టన్ను అదనపు బరువు మోసి చివరికి ఫుల్ హైబ్రిడ్ దగ్గరికే చేరారన్నమాట.

బ్యాటరీ తయారీలో పడే కార్బన్ కూడా ఉంది. యూనిట్ సామర్థ్యానికి 60 నుంచి 100 కిలోలు అని లెక్క వేస్తే, 18 యూనిట్ల బ్యాటరీకి మధ్యస్థంగా సుమారు ఒకటిన్నర టన్నులు అవుతుంది. ఫుల్ హైబ్రిడ్ బ్యాటరీకి అందులో పదో వంతు. ఆ ఒకటిన్నర టన్నులు పూడ్చుకోవడానికి శుభ్రమైన కరెంటుతో రోజూ ఛార్జ్ చేసే మనిషికి పన్నెండున్నర వేల కిలోమీటర్లు చాలు. ప్రపంచ సగటు కరెంటుతో 34 వేల కిలోమీటర్లు. బొగ్గు కరెంటుతో అయితే రెండున్నర లక్షలు, అంటే చాలామంది చేతుల్లో కారు జీవితకాలం మొత్తం.

అయితే కారు పదిహేనేళ్లు తిరుగుతుంది. ఈ మధ్యలో కరెంటు శుభ్రపడుతూ పోతుంది, పెట్రోలు మాత్రం అలాగే ఉంటుంది. ఇంటి పైకప్పు మీద సోలార్ ఉండి, పగలు కారు ఇంటి దగ్గరే ఉంటే ఈ లెక్క ఇప్పుడే మారిపోతుంది. బొగ్గు కరెంటు ఉన్న చోట కూడా ప్లగ్-ఇన్ ఊళ్లో తిరిగేటప్పుడు వీధిలో పొగ వదలదు. కార్బన్ లెక్కలోకి రాకపోయినా, పిల్లలు పీల్చే గాలి సంగతి కాబట్టి దాన్ని చిన్నచూపు చూడకూడదు.

సైజు మాట ఎవరూ ఎత్తరు

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. హైబ్రిడ్ అనే మాట పెద్ద బండి కొనడానికి అనుమతి పత్రంలా మారిపోయింది. టొయోటా సెకోయా అనే భారీ ఎస్‌యూవీకి 2023 మోడల్ నుంచి ఇంజిన్‌తో పాటు హైబ్రిడ్ మోటారు కూడా ఉంది. 437 హార్స్‌పవర్. నాలుగు చక్రాలతో నడిచే రకం ఈపీఏ సగటు లీటరుకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు, అంటే 272 గ్రాములు. అక్కడ మోటారు పెట్టింది పెట్రోలు మిగల్చడం కంటే బలం పెంచడానికే ఎక్కువ. దాని పక్కన హైబ్రిడ్ లేని మామూలు పెట్రోలు రావ్4 పెడితే, అది 181 గ్రాములతో ఎంతో నయం.

ఇటు కిందికి రండి. అదే కంపెనీ హైబ్రిడ్ పద్ధతి కొరొల్లా సెడాన్‌లో లీటరుకు 21 దాటి ఇస్తుంది, సుమారు 109 గ్రాములు. 2023 ప్రియస్‌లో 24 దాటుతుంది, 95 గ్రాములు. రావ్4 హైబ్రిడ్ 136. ఒకే రకం హైబ్రిడ్, బాడీ మారితే 40 గ్రాముల తేడా. పెట్రోలు రావ్4 నుంచి హైబ్రిడ్ రావ్4కి మారితే వచ్చే 45 గ్రాముల ఆదా ఎంతో, ఎస్‌యూవీ మానేసి తక్కువ ఎత్తు కారు తీసుకుంటే ఇంచుమించు మళ్లీ అంత వస్తుంది.

ఇది ఒక్క ఇంటి గొడవ కాదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ ఐఈఏ లెక్క ప్రకారం 2023లో ప్రపంచంలో అమ్ముడైన కార్లలో 48 శాతం ఎస్‌యూవీలే. రోడ్ల మీద ఉన్నవి 36 కోట్లు దాటాయి. మధ్యస్థాయి కారు కంటే ఎస్‌యూవీ సగటున 200 నుంచి 300 కిలోలు బరువెక్కువ, కార్బన్ ఐదో వంతు ఎక్కువ. వాటన్నిటి నుంచీ ఏడాదికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ వంద కోట్ల టన్నులు.

ఎస్‌యూవీ వద్దని అనడం లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కి దిగడానికో, గుంతల రోడ్లకో, ఏడుగురు కూర్చోవడానికో నిజంగా అవసరమైనవాళ్లు ఉంటారు. ఏడు సీట్లు ఏడాదిలో రెండు మూడుసార్లే నిండేవాళ్లు మాత్రం అయిదు సీట్ల బండి గురించి ఒకసారి ఆలోచించాలి. మిగతా రోజులన్నీ ఖాళీ సీట్లనూ, వాటి కోసం పెంచిన బాడీనీ మోసుకు తిరగడం తప్ప ఒరిగేదేమీ లేదు.

మరి మీకేది?

ఇంటి దగ్గరో ఆఫీసు దగ్గరో సొంతంగా ఛార్జింగ్ పాయింట్ లేకపోతే ప్లగ్-ఇన్ ఆలోచన వదిలేయండి. "ఎక్కడో పెట్టుకుంటాంలే" అనుకున్నవాళ్లు పెట్టుకోరు. మీకు సరైనది ఫుల్ హైబ్రిడ్, అదీ మీ అవసరానికి సరిపోయే వాటిలో అన్నిటికంటే చిన్నది.

పాయింట్ ఉండి, రోజు తిరుగుడు 40, 50 కిలోమీటర్లలో తేలిపోతూ, అప్పుడప్పుడు దూర ప్రయాణాలు పడేవాళ్లకు ప్లగ్-ఇన్ బాగా కుదురుతుంది. కరెంటు దూరం మాత్రం రోజువారీ దూరం కంటే కనీసం మూడో వంతు ఎక్కువ ఉండేలా చూసుకోండి. ఏసీ, హీటర్, వయసు మీద పడిన బ్యాటరీ అన్నీ ఆ దూరాన్ని కొరుక్కుతింటాయి. అలాగే, రోజూ ఛార్జ్ పెట్టే క్రమశిక్షణ ఉండి, దూర ప్రయాణాలు కూడా అరుదైతే, పూర్తి ఎలక్ట్రిక్ కారునే ఒకసారి చూడమంటాను. వాడని ఇంజిన్‌ను మోసుకు తిరగడం దేనికి? సర్వీసు ఖర్చు కూడా తప్పుతుంది.

ఎక్కువగా హైవేల మీద, రోజుకు వందల కిలోమీటర్లు పోయేవాళ్లకు ప్లగ్-ఇన్ వల్ల పెద్దగా లాభం లేదు. మొదటి గంటలోపే బ్యాటరీ అయిపోతుంది, మిగతా దారంతా ఆ బరువును పెట్రోలు లాగాలి. ఇలాంటివాళ్లు ఫుల్ హైబ్రిడ్‌ను డీజిల్‌తో కూడా పోల్చి చూసుకోవాలి. పోల్చేటప్పుడు లీటరుకు 2.7 కిలోల సంగతి మర్చిపోవద్దు. డీజిల్ మైలేజీ పెట్రోలు హైబ్రిడ్ కంటే కనీసం 16, 17 శాతం ఎక్కువుంటేనే కార్బన్‌లో సమానమవుతుంది.

ఏడాదికి మూడు నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగనివాళ్లు, బాగా నడుస్తున్న పాత కారు ఉంటే, కొత్తది కొనే తొందర పడొద్దు. కిలోమీటరుకు 45 గ్రాములు మిగిలినా ఏడాదికి రెండు వందల కిలోలు దాటదు. కొత్త కారు తయారీలోనే టన్నుల కొద్దీ కార్బన్ ఖర్చవుతుంది.

ఏ రకం తీసుకున్నా టాప్ మోడల్‌కు పోయేముందు టైర్లు చూడండి. అదే బండికి రెండు అంగుళాలు పెద్ద చక్రాలు వేస్తే చూడటానికి బాగుంటుంది, మైలేజీ తగ్గుతుంది. నాలుగు చక్రాల డ్రైవ్ మీకు నిజంగా అవసరమా అన్నదీ ఇక్కడే తేల్చుకోవాలి. యూరప్‌లో డబ్ల్యూఎల్‌టీపీ అంకెను మీరు ఎంచుకున్న చక్రాలు, సామగ్రితో సహా ఆ బండికే లెక్కగట్టి ఇస్తారు. బేస్ మోడల్ అంకె చూసి టాప్ మోడల్ కొనొద్దు.

టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లినప్పుడు ప్లగ్-ఇన్ అయితే బ్యాటరీ ఖాళీగా ఉన్న బండి అడగండి. షోరూమ్‌వాళ్లు నిండా ఛార్జ్ చేసిందే ఇస్తారు, అది నిశ్శబ్దంగా, హాయిగా పోతుంది. ఖాళీ అయ్యాక ఇంజిన్ ఎంత మొత్తుకుంటోందో, ట్రిప్ మీటరు ఎంత చూపిస్తోందో తెలిస్తేనే నిర్ణయం తీసుకోగలరు. సెకండ్ హ్యాండ్ ప్లగ్-ఇన్ కొంటుంటే ఇంకో పని చేయండి. చాలా బండ్లు మొదటి రోజు నుంచీ సగటు ఇంధన ఖర్చును దాచి ఉంచుతాయి. కరెంటు మీద ఎంత దూరం పోయిందో కూడా కొన్ని చూపిస్తాయి. ఓనరుతో మాట్లాడుతూనే ఆ స్క్రీన్ తెరిపించండి. రావ్4 లాంటి దాంట్లో లీటరుకు 14, 15 అని కనిపిస్తే ఆ కారును దాదాపు ఎవరూ ఛార్జ్ చేయలేదని అర్థం. బ్యాటరీ పెద్దగా అరగకపోయి ఉండొచ్చు కాబట్టి మీకది మంచి బేరమే కావచ్చు. ఛార్జింగ్ కేబుల్ ఉందో లేదో మాత్రం డిక్కీ తీసి చూసుకోండి.